ఇన్‌ఫ్లుయెన్సర్ల రియాలిటీ షోలు టీనేజ్ పిల్లలు చూడొచ్చా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

ఫలానా షో చూస్తామని పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు అడిగినప్పుడు పెద్దవాళ్లు చేసే మొదటి పని వయసు రేటింగ్ చూడటం. రెండో పని సాధారణంగా ఉండదు. సినిమాకైతే అది చాలావరకు సరిపోతుంది. సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద తీసిన రియాలిటీ షోకి సరిపోదు, ఎందుకంటే ఈ షో టీవీలో అయిపోదు. ఎపిసోడ్ ముగియగానే పిల్లలు ఫోన్ తీసి అందులో కనిపించిన మనుషుల ఖాతాలు వెతుకుతారు. వాళ్లు అక్కడ నిజంగానే ఉంటారు. ఆ రోజు పొద్దున కూడా ఏదో పోస్టు పెట్టి ఉంటారు, దాని కింద వేల కామెంట్లు ఉంటాయి, కొనమని ఒక లింకు కూడా ఉంటుంది.

అందుకే తేల్చుకోవాల్సినవి రెండు: ఎపిసోడ్‌లో ఏముంది, ఎపిసోడ్ తర్వాత ఫోన్లో ఏం జరుగుతుంది. ఈ రెండింటిలో రెండోదే బరువైనదని మా అభిప్రాయం. స్థూలంగా చెప్పాలంటే 13, 14 ఏళ్ల వాళ్లు పెద్దవాళ్లతో కలిసి తప్ప చూడకూడదు. 15 ఏళ్లకు షోను బట్టి చెప్పాలి. 16, 17 ఏళ్ల వాళ్లు సొంతంగా చూడొచ్చు గానీ ఫోన్ సెట్టింగ్స్ సరిచేశాకే. మీ ఇంటికి ఇందులో ఏది వర్తిస్తుందో తెలుసుకోవడానికి కింద చెప్పిన పనులన్నీ కలిపి రెండు సాయంత్రాలు చాలు.

ముందు అది ఏ రకం షోనో గుర్తించండి

ట్రెయిలర్, మొదటి పది నిమిషాలు చూస్తే రకం తెలిసిపోతుంది. ఇవి ముఖ్యంగా మూడు రకాలు.

ఒకటి, వెంబడి తిరిగే షో. పేరున్న ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ కుటుంబాన్నో, ఒకే ఇంట్లో కలిసి ఉంటూ వీడియోలు తీసే గుంపునో కెమెరా అనుసరిస్తుంది. ఇక్కడ చిక్కంతా జీవనశైలి: పెద్ద ఇల్లు, కార్లు, బడి మానేసిన పదిహేడేళ్ల వాళ్లు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఏడుస్తుండటం. అయితే పిల్లలకు నిజంగా పనికొచ్చే విషయం ఎక్కువగా దొరికేదీ ఈ రకంలోనే. టిక్‌టాక్‌తో పేరు తెచ్చుకున్న అక్కాచెల్లెళ్ల కుటుంబం మీద 2021లో అమెరికా స్ట్రీమింగ్ సర్వీసు హులూలో మొదలైన ‘ది డమీలియో షో’ తొలి ఎపిసోడ్‌లోనే, తన వీడియో కింద వచ్చిన కామెంట్లు చదివి అక్కాచెల్లెళ్లలో పెద్దమ్మాయి కుప్పకూలి ఏడుస్తుంది. ఫాలోవర్లు కోట్లలో ఉన్నా ఆ మాటలు ఎలా తగులుతాయో ఒక పదిహేనేళ్ల అమ్మాయికి చెప్పడానికి ఉపన్యాసం కంటే ఆ సన్నివేశం నయం.

రెండు, పాపులారిటీ పోటీ. పోటీదారులు ఒకరికొకరు మార్కులు వేసుకుంటారు, తక్కువ వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. బూతులు తక్కువ ఉన్నా పదమూడేళ్ల వాళ్లకు ఇదే ఎక్కువ ఇబ్బంది. తరగతి గదిలో వాళ్లు రోజూ తప్పించుకోవాలని చూసేది సరిగ్గా ఈ ఆటనే. షో దానికి నియమాలు, బహుమతి, సంగీతం జోడిస్తుంది.

మూడు, నైపుణ్యం పోటీ. వీడియో తీయడం, ఎడిటింగ్, మేకప్, వంట లాంటి పనిలో పోటీ, న్యాయనిర్ణేతలు ఉంటారు. మూడింట్లో తేలికైనది ఇదే. దీని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. న్యాయనిర్ణేతలు పనిని విమర్శిస్తున్నారా, మనిషి రూపాన్నా అన్న ఒక్కటి గమనిస్తే చాలు.

రేటింగ్‌ను పూర్తిగా చదవండి

రేటింగ్ పనికిరానిదని కాదు, అది కొలిచేది వేరు. అమెరికాలో 1997 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో టీవీ-14 అంటే 14 ఏళ్ల లోపు పిల్లలకు తగకపోవచ్చని, టీవీ-ఎంఏ అంటే 17 ఏళ్ల లోపు వాళ్లకు తగకపోవచ్చని. దాని పక్కన చిన్న అక్షరాలుంటాయి. చాలామంది వాటిని చూడనే చూడరు. ఎల్ అంటే బూతు మాటలు, ఎస్ అంటే లైంగిక సన్నివేశాలు, డి అంటే ద్వంద్వార్థాల, శృంగార సంభాషణ, వి అంటే హింస. టీవీ-ఎంఏ పక్కన ఎల్ ఒక్కటే ఉంటే ఆ షో బూతుల వల్లే ఆ గుర్తు తెచ్చుకుంది. పదహారేళ్ల వాళ్లు వాటిని ఎలాగూ రోజూ వింటూనే ఉంటారు. ఎస్ కూడా ఉంటే సంగతి వేరు. ఒకే షోకి ఒక్కో దేశంలో ఒక్కో గుర్తు ఉంటుంది కాబట్టి మీ తెర మీద కనిపించేదే చూడండి.

అసూయకు, ఒంటి మీద అసంతృప్తికి, డబ్బు ఆర్భాటానికి ఏ రేటింగ్‌లోనూ అక్షరం లేదు. ఇన్‌ఫ్లుయెన్సర్ల షోలో ఉండేది ఎక్కువగా ఈ మూడే. వాటిని మీరే కొలవాలి.

మీరు ఒక్కరే రెండు ఎపిసోడ్లు చూడండి

మొదటి ఎపిసోడ్ ఒకటి, మధ్యలోది ఒకటి. ఎనిమిది ఎపిసోడ్ల సీజన్ అయితే నాలుగోది గానీ అయిదోది గానీ తీసుకోండి. మొదటిది ఒక్కటే చూసి ఒప్పుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. అందులో మనుషుల్ని పరిచయం చేస్తారు, అందరూ ముచ్చటగా ఉంటారు. గొడవలు సీజన్ మధ్యకు వచ్చేసరికి ముదురుతాయి, ప్రేక్షకుల్ని చివరిదాకా లాక్కెళ్లాల్సింది ఆ గొడవలే కనుక. సీజన్ చివర అందర్నీ ఒకచోట కూర్చోబెట్టే రీయూనియన్ ఎపిసోడ్ ఉంటే దాని మీద కూడా పది నిమిషాలు కన్నేయండి. అరుపులు, నిందలు అన్నింటికంటే దట్టంగా ఉండేది అక్కడే.

చూస్తున్నప్పుడు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసుకోండి: ఒళ్లు, డబ్బు, గొడవ, గుట్టు. సంఘటన వచ్చినప్పుడల్లా ఒక గీత.

‘ఒళ్లు’ కింద లెక్కించాల్సినవి: బరువు గురించిన మాట, భోజనం మానేయడం గొప్పగా చెప్పుకోవడం, మరొకరి రూపం మీద వ్యాఖ్య, సౌందర్య చికిత్సను సరుకులు తెచ్చుకున్నంత తేలిగ్గా చూపించడం. ఈ చివరిదాని మీద దృష్టి పెట్టండి. పెదవులు ఉబ్బుగా కనిపించడానికి ఫిల్లర్ అనే ఇంజెక్షన్ వేయించుకునే సన్నివేశం తెర మీద రెండు నిమిషాల్లో నవ్వులతో ముగుస్తుంది. వాపు, కమిలిన మచ్చలు, కొన్ని నెలలకు అది కరిగిపోయి మళ్లీ వేయించుకోవాల్సి రావడం, అరుదుగానైనా రక్తనాళం మూసుకుపోయే ప్రమాదం ఉండటం, ఇవన్నీ కత్తిరింపులో పోతాయి.

‘డబ్బు’ కింద: సంపాదించిన తీరు చెప్పకుండా ఖర్చు మాత్రమే చూపించిన ప్రతిసారీ ఒక గీత. సంపాదన ఎలా వచ్చిందో వివరిస్తే గీత అక్కర్లేదు, అది మంచి విషయం.

‘గొడవ’ కింద: ఎదుటి మనిషి లేనప్పుడు వాళ్ల గురించి మాట్లాడటం, గుంపుగా ఒకర్ని వెలివేయడం, క్షమాపణ చెప్పినవాళ్లను ఎగతాళి చేయడం. గొడవపడి తర్వాత కూర్చుని పరిష్కరించుకుంటే ఒక గీత కొట్టేయండి.

‘గుట్టు’ కింద: చిన్నపిల్లల ముఖాలు, ఏడుపు, వైద్య విషయాలు, విడిపోయిన ప్రేమికుల సందేశాలు చదివి వినిపించడం. బయటపెట్టకూడనిది బయటపెడితేనే జనం చూస్తారన్న భావన పిల్లల్లోకి వెళ్లేది ఈ దారినే.

రెండు ఎపిసోడ్లకు కలిపి ‘ఒళ్లు’ గడిలో ఆరు గీతలు దాటితే 15 ఏళ్ల లోపు వాళ్లకు ఆ షో వద్దు. ‘గొడవ’ గడిలో ఎక్కువ ఉండి పరిష్కారం ఒక్కటీ లేకపోతే కూడా అంతే. డబ్బు గీతలు ఎన్నున్నా కలిసి చూస్తూ మాట్లాడుకుంటే నెట్టుకురావచ్చు. ఇవి శాస్త్రం తేల్చిన అంకెలు కావు. గుడ్డిగా సరేననడం, గుడ్డిగా వద్దనడం తప్పించుకోవడానికి పెట్టుకున్న గీటు మాత్రమే.

ఇంకొక పని: ఏదైనా గొడవ సన్నివేశాన్ని అయిదు నిమిషాలు శబ్దం ఆపేసి సబ్‌టైటిల్స్‌తో చూడండి. సంగీతం లేకపోతే సగం గొడవలు మామూలు మాటలుగా కనిపిస్తాయి. అలా కాకుండా మాటల్లోనే విషం ఉంటే అది నిజమైన హెచ్చరిక.

పిల్లల వైపు నుంచి చూడండి

వయసు ఒక్కటే కొలమానం కాదు. 10 నుంచి 14 ఏళ్ల మధ్య సోషల్ మీడియా వాడకాన్ని పెద్దవాళ్లు గమనిస్తూ ఉండాలని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2023లో ఇచ్చిన సూచనల్లో ఉంది. ఆ వయసులో గుంపులో తమ స్థానం గురించిన ఆరాటం ఎక్కువ, ఆవేశాన్ని అదుపు చేసుకునే శక్తి ఇంకా పెరుగుతూ ఉంటుంది. అయితే పద్నాలుగేళ్లకే ‘అది షో కోసం చేశారులే’ అని పట్టించుకోకుండా ఉండే పిల్లలున్నారు, పదిహేడేళ్లకు కూడా ప్రతి మాటా మనసుకు తీసుకునేవాళ్లున్నారు.

ఈ కిందివాటిలో మీ పిల్లలకు ఏది సరిపోతుందో చూసుకోండి. పోస్టు పెట్టాక పదే పదే లైకులు చూసుకోవడం, తక్కువ వస్తే తీసేయడం. తన ఫోటో ఏదైనా ఫిల్టర్ లేకుండా పంపడానికి ఇష్టపడకపోవడం. స్నేహబృందం నుంచి ఈ మధ్యనే దూరం కావడం. రెండు ఉంటే పాపులారిటీ పోటీ షోలు కొన్ని నెలలు పక్కన పెట్టండి. తిండి విషయంలో ఇబ్బందులు ఇప్పుడున్నా, గతంలో ఉన్నా ఒళ్లు గురించి మాట్లాడే షో ఏదీ వద్దు. దీనికి ‘కలిసి చూస్తాం కదా’ అన్న మినహాయింపు కూడా లేదు.

మొదటి ఎపిసోడ్‌కు ముందే ఫోన్, టీవీ సరిచేయండి

షో మొదలయ్యాక సెట్టింగ్స్ మారుస్తామంటే శిక్షలా ఉంటుంది. ముందే చేస్తే అది ఒప్పందం.

టీవీలో: స్ట్రీమింగ్ యాప్‌లో పిల్లల ప్రొఫైల్‌కు వయసు పరిమితి పెట్టి, తమ ప్రొఫైల్‌ను తాళం లేకుండా వదిలేయడం ఎక్కువమంది చేసే తప్పు. పిల్లలు మీ ప్రొఫైల్ నొక్కి అదే షో చూస్తారు. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే బ్రౌజర్‌లో ఖాతా సెట్టింగ్స్ తెరిచి, మీ ప్రొఫైల్‌కు నాలుగంకెల పిన్ పెట్టండి. కొత్త ప్రొఫైల్ సృష్టించాలన్నా పిన్ అడిగేలా చేయండి. ఆ ఒక్క షో మాత్రమే వద్దనుకుంటే పిల్లల ప్రొఫైల్‌లో దాని పేరు టైప్ చేసి విడిగా ఆపేయొచ్చు, వయసు పరిమితి మొత్తాన్ని తగ్గించనక్కర్లేదు. ఆ తర్వాత ప్లేబ్యాక్ విభాగంలో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవడాన్ని ఆపండి. రియాలిటీ ఎపిసోడ్ సరిగ్గా గొడవ మధ్యలో తెగుతుంది. ఆటోప్లే ఉంటే ‘ఒక్క ఎపిసోడే’ అన్న మాట నిలబడటం కష్టం.

ఫోన్లో: ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో టీన్ అకౌంట్లు మొదలుపెట్టింది. 18 ఏళ్ల లోపు వాళ్ల ఖాతా ప్రైవేటుగా ఉంటుంది, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి, రోజుకు 60 నిమిషాలు దాటగానే ఇక చాలని గుర్తు చేస్తుంది. 16 ఏళ్ల లోపు వాళ్లు ఇవి సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇదంతా పనిచేసేది ఖాతాలో పుట్టినతేదీ నిజమైనదైతేనే. పదకొండేళ్లకే ఖాతా తెరవడానికి పుట్టిన సంవత్సరం వెనక్కి జరిపిన పిల్లలు యాప్ దృష్టిలో పెద్దవాళ్లు. ముందు ఆ తేదీ చూడండి.

తర్వాత ఒక ఒప్పందం: సీజన్ పూర్తయ్యేదాకా షోలోని మనుషుల్ని ఫాలో కావద్దు, వాళ్ల పోస్టుల కింద కామెంట్లు చదవద్దు. ఇది మేమిచ్చే సలహాలన్నింట్లో పిల్లలు ఎక్కువగా గొణిగేది, ఎక్కువగా పనిచేసేది కూడా. షోలో ఒకరు చెడ్డవాళ్లుగా కనిపించారంటే ఆ రాత్రి వాళ్ల ఖాతా కింద తిట్లు వరదలా వస్తాయి. పద్నాలుగేళ్ల పిల్లలు వాటిని చదవడంతో ఆగరు, తామూ ఒకటి రాస్తారు. ఒకరి ఖాతా రెండుసార్లు తెరిస్తే చాలు, అదే రకం ముఖాలు, అదే రకం అమ్మకాలు సూచనల్లోకి వచ్చేస్తాయి. అప్పటికే వచ్చేసి ఉంటే ఇన్‌స్టాగ్రామ్‌లో సూచనలను మొదటికి తెచ్చే వీలుంది, యూట్యూబ్‌లో చూసిన వీడియోల చరిత్రను తుడిచేసి కొత్తగా మొదలుపెట్టొచ్చు.

కలిసి చూసేటప్పుడు: ఎడిటింగ్‌ను పట్టుకునే ఆట

రోజుకు ఒక్క ఎపిసోడ్, పడుకునే వేళకు కనీసం గంట ముందు ముగిసేలా చూసుకోండి. మీరు ఆపి మాట్లాడటం ఎపిసోడ్‌కు రెండుసార్లు మించకూడదు. ప్రతి సన్నివేశానికీ ఆపి నీతి చెబితే రెండో రోజు మీరు ఒక్కరే కూర్చుని చూస్తారు.

నీతి బదులు ఎడిటింగ్ నేర్పండి. టీనేజ్ పిల్లలు వీడియోలు కత్తిరించడం తెలిసినవాళ్లే, ఈ ఆట వాళ్లకు వెంటనే పట్టుబడుతుంది. ఎపిసోడ్‌కు ఎవరు ముందుగా మూడు పట్టుకుంటారో చూద్దామనండి. వెతకాల్సినవి ఇవి.

అతుకు మాట. మనిషి మాట్లాడుతుండగా వాక్యం మధ్యలో ముఖం తెర మీంచి పోయి వేరొకరు కనిపిస్తారు, గొంతు మాత్రం కొనసాగుతుంది. అక్కడ స్వరం ఎత్తు హఠాత్తుగా మారినా, రెండు మాటల మధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు లేకపోయినా, వేర్వేరు చోట్ల అన్న ముక్కల్ని కలిపి ఒకే వాక్యంగా కుట్టారని అనుమానించొచ్చు. ఆ రంగంలో దీన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు.

ఒంటరి ఇంటర్వ్యూ. ఒక్కరే కుర్చీలో కూర్చుని కెమెరాతో మనసు విప్పుతున్నట్టు ఉండే భాగం. ఇది చాలాసార్లు సంఘటన జరిగిన కొన్ని రోజులకో వారాలకో తీస్తారు. ఎదురుగా ప్రశ్నలడిగే మనిషి ఉంటారు, ఆ ప్రశ్న తీసేస్తారు. ‘ఇప్పుడు నేను లోపలికి వెళ్తున్నాను, నాకు భయంగా ఉంది’ అని జరిగిపోయినదాన్ని వర్తమానంలో చెప్పడం గమనించమనండి. అలా చెప్పమని అడిగి చెప్పించుకుంటారు.

అరువు తెచ్చిన ముఖం. ఎవరో ఒక మాట అంటారు, వెంటనే ఇంకొకరు కళ్లు తిప్పినట్టు చూపిస్తారు. ఆ కళ్లు తిప్పడం గంట ముందుదో, మర్నాటిదో కావచ్చు. గ్లాసులో నీళ్ల మట్టం, జుట్టు పాయ, చెవి పోగులు, కిటికీలో వెలుతురు పోల్చి చూస్తే దొరికిపోతుంది.

అనుకోని అతిథి. తలుపు తెరవగానే ఆశ్చర్యం. అయితే తలుపు లోపల ఒక కెమెరా, బయట ఒక కెమెరా ముందే ఉన్నాయి. వచ్చిన మనిషి చొక్కాకు మైకు ఉంది, నడుము దగ్గర దాని పెట్టె ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఫోన్ కాల్ ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడటం కూడా ఇదే కోవ, మనకూ వినిపించాలి కదా.

తెర మీద కామెంట్లు. లక్షల కామెంట్లలోంచి నాలుగు ఏరి చూపిస్తారు. ఏ నాలుగో ఏరినవాళ్ల ఇష్టం. పొగడ్తల్ని ఏరితే దేవత, తిట్లను ఏరితే దుర్మార్గురాలు.

మూడు నాలుగు ఎపిసోడ్ల తర్వాత పిల్లలు మీకంటే వేగంగా పట్టేస్తారు. అప్పుడు ఒక ప్రశ్న వేయండి: ‘ఈ మనిషిని చెడ్డగా చూపిస్తే ఎవరికి లాభం?’ జవాబు మీరు చెప్పొద్దు. ఇదే కన్ను వాళ్లు రీల్స్ మీదకూ తిప్పుతారు. షోలో ఎడిటర్ ఎవరో ఉంటారు, రీల్‌లో ఆ పని ఇన్‌ఫ్లుయెన్సరే చేస్తారు, తేడా అంతే. రీటచ్ చేసిన ప్రకటన ఫోటోల మీద ఆ సంగతి రాయాలని నార్వే 2022లో చట్టం అమల్లోకి తెచ్చింది. ఫ్రాన్స్ 2023లో ఇన్‌ఫ్లుయెన్సర్ల ప్రచారాలకూ అలాంటి నియమం పెట్టడమే కాక, సౌందర్య శస్త్రచికిత్సలను వాళ్లు ప్రచారం చేయడాన్నే నిషేధించింది. పిల్లలు ‘మీరు పాతకాలం వాళ్లు’ అంటే చెప్పడానికి ఈ రెండు సంగతులు పనికొస్తాయి.

చేయకూడనిది ఒకటుంది: షోలోని మనుషుల్ని వెక్కిరించొద్దు. ‘వీళ్లకు పనీపాటా లేదు’ అన్నారంటే ఆ మాట వాళ్లను ఇష్టపడే మీ పిల్లలకు తగులుతుంది. తెర మీద మనిషితో మనకు పరిచయం ఉన్నట్టే అనిపించడాన్ని డోనల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే వివరించారు. టీవీ వ్యాఖ్యాతల కాలంలోనే ఉన్న ఆ బంధం, రోజూ పడకగదిలోంచి ‘హాయ్ ఫ్రెండ్స్’ అని పలకరించేవాళ్లతో ఇంకెంత గట్టిగా ఉంటుందో ఊహించుకోండి.

డబ్బు లెక్క కాగితం మీద వేయించండి

ఇల్లు, కారు చూసి ‘నేనూ ఛానెల్ పెడతా’ అనడం తప్పు కాదు. కాదనొద్దు, లెక్క వేయించండి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ గంటలకు బదులు 90 రోజుల్లో షార్ట్స్‌కు, అంటే చిన్న నిలువు వీడియోలకు, 1 కోటి వీక్షణలు ఉన్నా సరే. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున మూడు నిమిషాలు చూస్తే 80,000 సార్లు ఎవరో ఒకరు ఆ వీడియోలు తెరవాలి. అక్కడికి చేరాక పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌లో తనకు కేటాయించిన దాంట్లో 45 శాతం చేతికొస్తుంది. ఈ కూడికలు పిల్లల చేతనే చేయించండి. మీరు చేసి చూపిస్తే నిరుత్సాహపరుస్తున్నారనిపిస్తుంది, వాళ్లు చేస్తే సమాచారంగా మిగులుతుంది.

ఆ తర్వాత షోలో ఇల్లు ఏ డబ్బుతో వచ్చిందో వెతకమనండి. ఎక్కువ భాగం బ్రాండ్ డీల్స్, సొంత సరుకులు, అమ్మకం మీద కమీషన్ వచ్చే లింకులు. కొత్త సీజన్ వచ్చే వారమే కొత్త లిప్‌స్టిక్కో టీషర్టో రావడం యాదృచ్ఛికం కాదు. ఎపిసోడ్‌లో లేబుల్ కెమెరా వైపు తిరిగి ఉన్న సీసాలు లెక్కపెట్టమంటే అది కూడా ఆటే. ఒక వస్తువు కొనాలనిపిస్తే 7 రోజులు ఆగుదామన్న నియమం పెట్టుకోండి. ఆ వారంలో పోస్టు మీద ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ (డబ్బు తీసుకుని చేసిన ప్రచారం) అని ఉందా లేదా చూడమనండి.

ఎక్కడ బెడిసికొడుతుంది

షో ఆపేశారు, అయినా పిల్లలకు అందులో జరిగినదంతా తెలుసు. క్లిప్పులు తిరుగుతాయి కాబట్టి ఇది తప్పదు. నిమిషం నిడివి క్లిప్పులో గొడవ మాత్రమే ఉంటుంది, రాజీ ఉండదు. ఈ లెక్కన క్లిప్పులు షో కంటే చెడ్డవి. అలాంటప్పుడు నిషేధాన్ని పట్టుకుని వేలాడకుండా ఆ ఒక్క ఎపిసోడ్ కలిసి చూసేయడం మేలు.

చెల్లెలో తమ్ముడో పక్కన కూర్చుంటారు. పదహారేళ్ల వాళ్లకిచ్చిన అనుమతి పదేళ్ల వాళ్లకూ దొరికిపోతుంది. హెడ్‌ఫోన్స్‌తో, వాళ్లు పడుకున్నాక గానీ లేనప్పుడు గానీ చూడాలని ముందే చెప్పండి. అయితే మళ్లీ నిద్రవేళ సమస్య వస్తుంది. వారాంతపు మధ్యాహ్నం ఇద్దరికీ కుదురుతుంది.

మీరే షోలో పడిపోతారు. నవ్వకండి, ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది. అప్పుడు గీతల కాగితం పక్కకు పోతుంది, మిగతా ఎపిసోడ్లు రాత్రికి రాత్రి అయిపోతాయి.

ఆపాల్సిన సంకేతాలు మొదటి రెండు వారాల్లోనే కనిపిస్తాయి: అద్దం ముందు సమయం పెరగడం, భోజనం తగ్గించడం, షోలోని తిట్లు స్నేహితుల మీద వాడటం, నిద్ర గంటకు పైగా వెనక్కి జరగడం, ఇంట్లో జరిగేవి చెప్పకుండా వీడియో తీయడం. ఏదో ఒకటి కనిపిస్తే షో ఆపి ఓ వారం చూడండి. రెండు కలిస్తే ఆ సీజన్ అక్కడితో సరి. తన మీద తనకు అసహ్యమని, బతకాలని లేదని ఏ రూపంలో అన్నా, సరదాగా అన్నట్టే ఉన్నా, షో సంగతి పక్కనబెట్టి అదే రోజు డాక్టర్‌తోనో కౌన్సిలర్‌తోనో మాట్లాడండి.

‘నేనూ షోకి వెళ్తా’ అంటే

పదహారు, పదిహేడేళ్ల వాళ్లు ఏదో ఒక రోజు ఎంపిక ఫారం తెచ్చి చూపిస్తారు. వెంటనే వద్దనక్కర్లేదు, కలిసి చదవండి. ఎంపికకు రుసుము అడిగితే అది మోసం, అక్కడితో ఆపేయండి. మైనర్ అయితే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి కాబట్టి చివరి మాట మీదే. ఒప్పందంలో మూడు చోట్ల వేలు పెట్టి చదివించండి: తీసిన వీడియోను ఎంతకాలం వాడుకుంటారు (చాలా ఒప్పందాల్లో ‘శాశ్వతంగా’ అని ఉంటుంది), ఎలాగైనా ఎడిట్ చేసి పరువు పోయేలా చూపించినా అభ్యంతరం చెప్పకూడదన్న షరతు ఉందా, షో ప్రసారమయ్యాక తిట్లు వస్తే మానసిక సహాయం ఎవరు, ఎన్ని నెలలు ఇస్తారు. ఈ మూడో ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు రాకపోతే సంతకం పెట్టకండి. మొదటి రెండూ చదివాక ఒక వారం గడువు అడగండి. గడువు ఇవ్వనన్నా సంతకం పెట్టకండి.